నాయనమ్మ ఎడం చెయ్యి

మా చోడవరం తాలూకా మొత్తం మీద, మెడికల్ కాలేజీ సీటు గుమ్మం దాకా వస్తే వద్దని వెనక్కి పంపిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట పెళ్లి పందిళ్లలో చెప్పాను, రైలు పెట్టెల్లో చెప్పాను, హైస్కూల్లో నా దగ్గర సైన్సు చదువుకున్న పిల్లలకైతే కప్ప పాఠం వచ్చినప్పుడల్లా చెప్పాను. "మా అన్నయ్య కోసం వదిలేశాను" అని చివర్లో గొంతు కాస్త తగ్గించేవాణ్ణి. అనకాపల్లి రైల్లో ఒక పెద్దావిడ ఆ మాట విని పైట చెంగుతో కళ్లొత్తుకుని, తన అరటిపళ్లలో సగం నాకిచ్చింది. తిన్నాను.

నోటితో చెప్పినప్పుడు ఇంత హాయిగా దొర్లిన మాట, కాగితం మీద పెట్టబోతే కదలనంటోంది. అందుకని మొదటినుంచీ చెబుతాను. ఎక్కడ సాగదీశానో అక్కడ నేనే ఆగి ఒప్పుకుంటాను.

అన్నయ్య అంటే నా తోడబుట్టినవాడు కాదు, మా పెదనాన్న కొడుకు. నాకంటే ఒక్క పక్షం పెద్ద. వాడు పౌర్ణమినాడు పుట్టాడు, నేను అమావాస్యనాడు పుట్టాను. ఆ కాస్త తేడాకే వాడు అన్నయ్య అయిపోయాడు, నేను తమ్ముణ్ణయిపోయాను. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే చెరుకు మడి. కానీ దర్జీ టేపు ముందు వాడి భుజాల మీదికే వెళ్లేది. తలంటు ముందు వాడికే. ఆఖరికి మశూచి టీకాలు వేసే ఆయన వచ్చినప్పుడు కూడా ముందు వాడికే పొడిచాడు. నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. నొప్పికి ఏడుస్తున్నాననుకుని మా అమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టింది. నా ఏడుపు రెండోవాణ్ణయినందుకని ఎవరికి చెప్పను?

స్కూలు ఫైనలు ఇద్దరం ఒకేసారి గట్టెక్కాం. ఇద్దరినీ పట్నంలో ఇంటర్మీడియట్‌లో చేర్పించారు. పట్నమంటే మాకు విశాఖపట్నమే. ఆ రోజుల్లో డాక్టరు కావాలంటే దారి ఇదీ: ఇంటర్‌లో నేచురల్ సైన్సు గ్రూపు తీసుకోవాలి, రెండేళ్లు కప్పలతోనూ బొద్దింకలతోనూ కాపురం చెయ్యాలి, మంచి మార్కులు రావాలి, వచ్చాక దరఖాస్తు పెట్టాలి, మార్కులు చూసి కమిటీవాళ్లు ఇంటర్వ్యూకి పిలవాలి. పిలిచాక అక్కడ కూర్చున్న పెద్దవాళ్ల కళ్లకి మనం డాక్టర్లలా కనబడాలి. జిల్లాలకి జిల్లాలు ఆ గుమ్మం ముందే నిలబడేవి.

ఈ దారంతా మా ఊరివాళ్లకి అక్కర్లేదు. గ్రూపులో చేరాడంటే వాడు డాక్టరే. మొదటి సెలవులకి ఇంటికొచ్చిన రోజే నాయనమ్మ అరుగు మీద చతికిలబడి పిలిచింది. ఆవిడకి అప్పుడప్పుడూ గుండె దడ. అంతవరకూ ఆయుర్వేదం ఆచారిగారు వచ్చి నాడి చూసి, పొట్లాలు కట్టి ఇచ్చేవారు.

"ఇంట్లో ఇద్దరు డాకటేర్లుండగా ఆచారిగోరెందుకేటి? ఒరే పెద్దోడా, ఇలగ రా. సెయ్యి సూడరా" అని ఎడం చెయ్యి చాచింది.

ఎండిన చెరుకు గడలాంటి చెయ్యి. మణికట్టు మీద పచ్చబొట్టు, వయసుతో సాగి ఏ పువ్వో తెలియకుండా పోయింది. అన్నయ్య వెళ్లి మూడు వేళ్లు ఆనించాడు. ఆచారిగారిలాగే కళ్లు మూసుకున్నాడు. మా లెక్చరరు అప్పటిదాకా మాకు చెప్పింది వానపాము వరకే. వానపాముకి మణికట్టే లేదు. అయినా వాడు తల పంకించి, "పర్లేదు నాయనమ్మా, కొంచెం వేగంగా ఉంది" అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

నేను లుంగీ సర్దుకుని నా వంతుకి ముందుకి జరిగాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసి ఒళ్లో పెట్టేసుకుంది.

"నన్నూ సూడనీ నాయనమ్మా."

"ఒక సెయ్యిని ఎంతమంది సూస్తార్రా? అన్నియ్య సూసేడు గదా."

"అయితే కుడి సెయ్యి ఇయ్యి."

"ఆడోలకి ఎడం సెయ్యేరా సూసేది, మగోలకి కుడి సెయ్యి. ఇదే తెల్దు, నువ్వేటి డాకటేరువిరా!"

పక్కన బియ్యం ఏరుతున్న మా పెద్దమ్మ పకపకా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. నవ్వనందుకు నాకు మరీ మండింది. నేను డాక్టరు కావాలనుకున్నది ఎందుకని ఎవరైనా అడిగితే లోకసేవ అని చెప్పేవాణ్ణి గానీ, నిజానికి నాకు కావలసింది అదొక్కటే: ఆ పచ్చబొట్టు చెయ్యి ముందు నావైపు చాపాలి. వాడు నిలబడి చూడాలి.

మర్నాటినుంచి వీధివీధంతా వచ్చి అన్నయ్యకి చెయ్యి చాచడం మొదలుపెట్టింది. బుచ్చయ్యపేటనుంచి బెల్లం బళ్లు తోలుకొచ్చినవాళ్లు కూడా ఎడ్లని విప్పి మా అరుగెక్కేవారు. అన్నయ్య లోపలుంటే నేనున్నానని చెప్పేవాణ్ణి. "పెద్ద డాకటేరు బాబు వచ్చేదాకా కూకుంటాం లెండి" అనేవారు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ప్రాక్టికల్స్ సాధన కోసం అన్నయ్య పెరట్లో కాగు నిండా కప్పల్ని పట్టి ఉంచాడు. మైనం పోసిన పళ్లెంలో కప్పని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకి గుండుసూదులు గుచ్చి, చీరేవాడు. లోపల గుండె ఇంకా కొట్టుకుంటుంటే చూడమని నన్ను పిలిచేవాడు. వాడి చెయ్యి వణికేది కాదు. నా చేతిలో కత్తెర పడితే కప్ప కంటే ముందు నేను కళ్లు మూసేవాణ్ణి. ఈ సంగతి ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు.

ఒకరోజు మా పొలం పనులు చూసే పాలికాపుతో ఊరికే అన్నట్టు అన్నాను: "కప్పలు అరిస్తే గదా వాన. అరిసే కప్పలన్నీ మా అన్నయ్య కాగులో ఉన్నాయి మరి."

మా పక్కల వాన పడకపోతే కప్పని రోకలికి కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ తిప్పుతారు. అలాంటి ఊళ్లో ఈ మాట ఎంత దూరం వెళుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. సాయంత్రానికల్లా రైతులు గుంపుగా వచ్చి అరుగు ముందు నిలబడ్డారు.

"బాబూ, నారుమళ్లు ఎండిపోతన్నాయి. ఆ కప్పల్ని ఒగ్గీ బాబూ. నీకు పున్నెం ఉంటాది."

అన్నయ్య అప్పటికప్పుడే కాగు ఎత్తుకెళ్లి ఊరి పక్క గెడ్డ నీళ్లలో బోర్లించాడు. వాడి సాధన ఆగిపోయిందని నాకు ఆ పూట అన్నం బాగా సహించింది. మర్నాడు పొద్దుటే ఆకాశం చిల్లుపడ్డట్టు వాన! తడిసి ముద్దవుతూనే మళ్లీ అదే గుంపు. ఈసారి అన్నయ్యకి చేతులెత్తి దండాలు. "డాకటేరు బాబు ఒగ్గేడు, వాన వచ్చీసింది!" ఒకడు అరటి గెల కూడా తెచ్చాడు. గెల లోపలికి మోసింది నేనే.

మా ఊళ్లో అప్పట్లో ఒక ఎల్.ఎం.పి. డాక్టరుగారు ఉండేవారు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలయ్యాక ఇద్దరినీ పిలిచి ఇంటర్వ్యూ సంగతులు చెప్పారు.

"డాక్టరెందుకవుతావని అడుగుతారు. పేదల సేవ అనకండి. ముందెళ్లినవాళ్లంతా అదే అని ఉంటారు, కమిటీవాళ్లకి ఆవలింతలొస్తుంటాయి."

"మరేటనాలండీ?" అన్నాను.

"నిజం చెప్పండి."

అన్నయ్య బుద్ధిగా తలూపాడు. నేను ఇబ్బందిలో పడ్డాను. 'మా అన్నయ్యని రెండోవాణ్ణి చెయ్యడానికండి' అంటే సీటిస్తారా?

మార్కులొచ్చాయి. వాడికి బాగా వచ్చాయి. నాకు వాడికంటే కొంచెం తక్కువ వచ్చాయి. ఆ కొంచెం ఎంతో ఇప్పుడు అడక్కండి.

ఇంటర్వ్యూనాడు ముసురు. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. మా చిన్నత్త మాడుగులనుంచి తెచ్చిన హల్వా ఆకులో పొట్లం కట్టి, "లోపలికెళ్లేముందు నోట్లో ఏసుకోండి, మాట తియ్యగా వస్తాది" అని నాయనమ్మ ఇచ్చింది. తొలి బస్సులో అనకాపల్లి, అక్కణ్ణుంచి రైలు. కాలేజీ వరండాలో పొడుగాటి బెంచీలు. వాటి మీద మాలాంటి కుర్రాళ్లు, పక్కన తండ్రులు. ఒకడు టై కట్టుకొచ్చాడు. వాడి తండ్రి మాటిమాటికీ ఆ ముడి బిగిస్తుంటే వాడు ఊపిరాడక కళ్లు తేలేస్తున్నాడు. ఖాకీ బట్టల బంట్రోతు తలుపు తీసి పేరు పిలిచేవాడు, మూసేవాడు. తలుపు తీసినప్పుడల్లా లోపల ఒక ఫంకా, బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ, నాలుగైదు కళ్లజోళ్లు కనబడేవి.

ఇక్కడ ఆగాలి. ఆగి ఒప్పుకుంటానన్నాను కదా.

సీటు నాకు రాలేదు. వస్తే కదా వద్దనడానికి! అన్నయ్య కోసం త్యాగం చెయ్యడమన్నది నేను మేష్టారునయ్యాక, పిల్లల ముందు పరువు కోసం కట్టిన కథ. రైల్లో అరటిపళ్లిచ్చిన ఆ తల్లి ఏ లోకంలో ఉన్నా నన్ను క్షమించాలి. నాకు సీటు ఎందుకు రాలేదో ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను.

కమిటీలో ఒక బట్టతలాయన అడిగాడు: "ఇంట్లో మీ నాయనమ్మ గుండె దడ అంటోందనుకో. ముందేం చేస్తావు?"

"నాడి చూస్తానండి."

"ఏ చేతిది?"

"ఎడం చేతిదండి. ఆడవాళ్లకి ఎడం చెయ్యే కదండీ."

పక్కాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మగవాళ్లకో?"

"కుడి చెయ్యండి."

"అంటే ఆడవాళ్ల గుండె ఒక పక్కా, మగవాళ్ల గుండె ఇంకో పక్కా ఉంటాయంటావు. మీ నాయనమ్మ కుడి చెయ్యి చూస్తే ఏమవుతుందయ్యా?"

"మా నాయనమ్మ కుడి చెయ్యి ఇవ్వదండి."

ఆ మాటకి కమిటీ అంతా ఒక్కసారి గొల్లుమంది. బంట్రోతు కూడా తలుపు తీసి తొంగిచూశాడు. రెండేళ్లు గుండె బొమ్మలు వేసి, నాలుగు గదులకీ నాలుగు రంగులు పూసి, చివరికి ఆ గదిలో నోరు తెరిస్తే వచ్చింది మా అరుగు మీది ముక్క! ఆ నవ్వే నా సీటు మింగేసింది.

తరువాత టపా జవాను అన్నయ్య పేరున కవరు తెచ్చినప్పుడు ఇల్లంతా వీధిలోనే ఉంది. పెదనాన్న ఆ కవరుని కళ్లకద్దుకున్నాడు. మా నాన్న కూడా, నన్ను కన్న నాన్న, వాణ్ణి భుజాలు పట్టుకుని ఊపేశాడు. నేను పెరట్లోకి వెళ్లి, ఖాళీగా పడి ఉన్న కప్పల కాగుని కాలితో ఒక్క తన్ను తన్నాను. అది పగల్లేదు. నా బొటనవేలి గోరు ఊడింది. కట్టు కట్టింది వాడే.

వాడు మెడిసిన్‌లోకి, నేను బి.ఎస్సీ.లోకి. సెలవులకి వచ్చినప్పుడల్లా వాడి ఒంటినుంచి ఏదో ఘాటు మందు వాసన కొట్టేది. శవాల్ని నిలవబెట్టే మందట. మా వదినలూ అక్కలూ ముక్కు మూసుకునేవాళ్లు గానీ, ఆ మూసుకోవడంలో కూడా ఎంత గొప్ప! "అబ్బ, డాకటేరు వాసన!" అంటూ పక్కింటివాళ్లని పిలిచి మరీ మూసుకునేవాళ్లు. నేనూ ప్రాక్టికల్స్‌నుంచే వచ్చేవాణ్ణి. నన్నెవడూ వాసన చూడలేదు.

ఒకసారి వాడి తెల్లకోటు దండెం మీద ఆరుతోంది. చుట్టూ ఎవరూ లేరు. తడిది తడిదిగానే తొడుక్కున్నాను. చేతులు నా వేళ్లు దాటి వేలాడాయి. అలాగే తులసికోట ముందు నిలబడి దానికి రెండు మందులు రాసిచ్చాను. వెనకనుంచి నాయనమ్మ గొంతు.

"ఒరే సిన్నోడా, ఆ కోటు ఇప్పీరా, జలుబు సేస్తాది."

తిట్టలేదు. నవ్వనూ లేదు. తిట్టినా బాగుండేది.

కానీ ఆ మరుసటేడు ఒకటి జరిగింది. ఇన్నేళ్లుగా నేను బతికింది దాని మీదే. అన్నయ్య మెడలో స్టెతస్కోపు వేసుకుని వచ్చాడు. నాయనమ్మని అరుగు మీద కూర్చోబెట్టి, వీపు మీద పెట్టి విన్నాడు, ముందు పెట్టి విన్నాడు, పాదాలు నొక్కి చూశాడు. ఆవిడకేవో చాలా మాటలు చెప్పాడు. ఆవిడ విని విని, మొహం ముడుచుకుని, గొంతెత్తింది.

"నీ గొట్టం నువ్వు తీసుకెల్లిపో. సిన్నోడేడీ? ఒరే సిన్నోడా, ఇలగ రా. నువ్వు సూడరా."

ఎడం చెయ్యి నావైపు చాచింది! నిండు అరుగు మీద, పెదనాన్న చూస్తుండగా, వాడు చూస్తుండగా!

నేను వెళ్లి మూడు వేళ్లు ఆనించాను. కళ్లు మూసుకున్నాను. వేళ్ల కింద ఏదో పిచ్చుకపిల్ల కదిలినట్టు కదిలింది. నాకేమీ తెలియలేదు. "బ్రహ్మాండంగా ఉంది నాయనమ్మా, నీకేటీ నేదు" అన్నాను. "అలగ సెప్పు!" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నయ్య గొట్టం మడిచి జేబులో పెట్టుకుంటూ నావైపు అదోలా చూశాడు. అసూయ! వాడి కళ్లలో నేను మొట్టమొదటిసారి అసూయ చూశాను. అప్పటినుంచి ఆవిడ పోయేదాకా ఆ చెయ్యి నాదే.

ఇదంతా రాసి, మొన్న సాయంత్రం అన్నయ్యకి చదివి వినిపించాను. వాడు రిటైరై మా వెనక వీధిలోనే ఉంటున్నాడు. చూపు మందగించింది. రోజూ నా కాఫీ తాగి, దానికి వంక పెట్టి వెళతాడు. చదువుతున్నంతసేపూ కళ్లు మూసుకుని, తన మణికట్టు మీద తన మూడు వేళ్లే పెట్టుకుని విన్నాడు. కప్పల దగ్గర నవ్వాడు. అయిపోయాక కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒరే, నీకు ఇంటర్వ్యూ ఎప్పుడొచ్చిందిరా?"

నేను చత్వారం కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాను.

"పిలుపు నాకొక్కడికే వచ్చింది. నువ్వు నా కూడా వచ్చి, వరండాలో బెంచీ మీద నా గొడుగు పట్టుకుని కూకున్నావు. నా హల్వా కూడా తినేసేవు. ఎడం సెయ్యి అన్నది నేను. మా నాయనమ్మ కుడి సెయ్యి ఇవ్వదండి అన్నదీ నేనే. రైల్లో నీకు సెప్పేను గదా, నువ్వు అనకాపల్లి దాకా నవ్వుతానే ఉన్నావు. ఆ బట్టతలాయన కూడా నవ్వి నవ్వి, వీడు ఇంట్లో ఒక మనిషిని చూసేడయ్యా అన్నాడు. ఆ మాట మీదే నాకు సీటిచ్చేరు. ఒరే, నా సీటంటే కుళ్లుకున్నావు, అది నాకు తెలుసు. నా తప్పు మాటకి కూడా కుళ్లుకుని, దాన్ని కూడా నీదనేసుకున్నావేటిరా?"

నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాక ఆ గదిలో ఫంకా గాలి నాకు తగిలినట్టే ఉంటుంది. అయినా ఒకటి మిగిలిందని, ఆఖరి పేరా మీద వేలు పెట్టి చూపించాను.

"మరి నాయనమ్మ సెయ్యి? అది నాకు ఇచ్చిందా, నేదా?"

"ఇచ్చింది. ఎందుకివ్వదు? పాదాలు వాచిపోయి ఉన్నాయి, నీ గుండెకి ఉప్పు పడదు, ఉప్పుచేప మానేయి నాయనమ్మా, ఊరగాయ ముట్టుకోకు అన్నాను నేను. నీకేటీ నేదు అన్నావు నువ్వు. ఆ పూట వంటింట్లోకి ఎల్లి ఏటి తిందనుకున్నావు?"